మాచర్ల విమానం తోక మీది నెంబరు

మాచర్లలో ఒక యుద్ధవిమానం ఉంది. సాగర్ రోడ్డులో ఊరు దాటాక ఎడమ చేతి వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ వస్తుంది. గేటులో అడుగుపెట్టగానే మూడు సిమెంటు దిమ్మెల మీద మూడు చక్రాలు ఆనించి, ముక్కు రోడ్డు వైపు పెట్టి నిలబడి ఉంటుంది. చూడడానికి టికెట్టు లేదు. వాచ్‌మన్ ఆపితే అడ్మిషన్ కోసం వచ్చామని చెప్పండి, కుర్చీ వేసి చల్లటి నీళ్లిస్తాడు. విమానం కోసం వచ్చామంటే మాత్రం ఎండలోనే నిలబెడతాడు.

ఆ రకం విమానాన్ని నాట్ అంటారట. ఇంగ్లీషులో అదొక పురుగు పేరు, జోరీగ లాంటిదనుకోండి. శత్రువు మీదకు పంపే యంత్రానికి జోరీగ అని పేరు పెట్టినవాడెవడో గానీ నాకు దగ్గరి చుట్టం అయి ఉంటాడు. మనిషి చూస్తే భయపడేంత పెద్దదేం కాదు. పన్నెండు చక్రాల సిమెంటు లారీ పక్కన పెడితే లారీయే యుద్ధానికి పోతున్నట్టు ఉంటుంది.

దాని తోక మీద నెంబరు రాసింది నేను. పేరు కోటయ్య. నరసరావుపేటలో లారీలకు బాడీలు కట్టే షెడ్లలో ఎవరినడిగినా చెబుతారు. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు అంకెలు నీకు అచ్చిరావురా అని గోడకుర్చీ వేయిస్తే, అట్నుంచటే షెడ్డుకు పోయాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నేను రాస్తున్నవి అంకెలే.

నేనిక్కడ చెప్పబోయే మాచర్ల ప్రయాణానికి కారణం మా ఊళ్లోని ఒక మండలి. దాని పేరు పల్నాడు యుద్ధవిహంగ మిత్రమండలి. పదకొండు మంది సభ్యులు, ఒక వాట్సాప్ గ్రూపు. నాయకుడు మెడికల్ షాపు ప్రసాదరావు గారు. గ్రూపులో ఆయన పేరు ముందు స్క్వాడ్రన్ లీడర్ అని ఉంటుంది. దగ్గుమందు అమ్మే మనిషికి ఆ హోదా ఎవరిచ్చారని అడక్కండి, ఆయనే తీసుకున్నారు. మండలి మెదడు శివరామయ్య మాస్టారు, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. విమానం బొమ్మ చూపిస్తే రెక్కలో రివెట్లెన్నో, ఏ ఫ్యాక్టరీలో కొట్టారో చెబుతారు. ఇద్దరిలో ఒక్కరు కూడా ఇంతవరకు విమానం ఎక్కలేదు. ఎక్కే విమానాలంటే వాళ్లకు గౌరవం లేదు. పాతబడాలి, తుపాకులుండాలి, ఎగరకూడదు. అప్పుడే ప్రేమిస్తారు.

ఈ ప్రయాణానికి రెండు వారాల ముందు ఒకసారి వాళ్లిద్దరూ నన్ను మాచర్ల తీసుకుపోయారు. కాలేజీ వాళ్లు ఏళ్ల తరబడి వెండి రంగు మీద వెండి రంగు కొట్టించి తోక మీద అంకెల్ని పూడ్చేశారు. నాలుగంకెల్లో మొదటి రెండు లీలగా ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి. చివరి రెండు లేవు. ఆ రెండంకెలతో మొదలయ్యే విమానాల జాబితా ఒకటి మాస్టారు దగ్గర ఉంది. అందులోంచి చివర డెబ్బై మూడు ఉన్నదాన్ని ఎంచుకున్నారు. ఎందుకయ్యా అంటే, అది యుద్ధంలోకి వెళ్లి కనపడకుండా పోయింది. కనపడకుండా పోయినదాన్ని కనిపెడితే మండలి పేరు ఢిల్లీ దాకా మోగుతుంది. పిల్లకు సంబంధాలు చూసినట్టు విమానానికి పేరున్న నెంబరు చూశారన్నమాట.

కొత్త రంగు పట్టాలంటే పాతది గీకాలి. నేను ఉప్పుకాగితం పట్టి రుద్దుతుంటే కింద నుంచి అంకెలు బయటపడ్డాయి. చివర ముప్పై ఎనిమిది. అంకె కొంచెం తోక తేలినా మొత్తం చదివేయడం నా వృత్తి. పిలిచి చూపించాను.

"ఒరేయ్ కోటయ్యా, నీకు చరిత్ర తెలవదు. చెప్పింది రాయి," అన్నారు ప్రసాదరావు గారు.

రాశాను. లారీవాడొచ్చి పాత నెంబరు మీద కొత్తది రాయమంటే ముందు ఆర్సీ చూపించమంటాను. విమానానికి ఆర్సీ అడగాలని నాకు తోచలేదు. తోచలేదన్నది అబద్ధం. చదువుకున్నవాళ్లు గదా అని ఊరుకున్నాను.

కొత్త నెంబరుతో విమానాన్ని తీసిన ఫొటో గ్రూపుల్లో తిరిగి తిరిగి పిడుగురాళ్లలో సుభాని అనే ఆయన ఫోనులోకి చేరింది. కుర్రతనంలో ఎయిర్‌ఫోర్సులో టెక్నీషియన్, సరిగ్గా ఆ డెబ్బై మూడు నెంబరు విమానాన్నే చూసుకున్న మనిషి. ఆ సంగతి విని ప్రసాదరావు గారు ఆయన నెంబరు సంపాదించి ఫోన్ చేస్తే, నన్ను తీసుకుపోండి అన్నాడట. మండలికి పండగ. సన్మానం, శాలువా, ఫ్లెక్సీ అన్నీ శనివారానికి ఖాయమయ్యాయి. అంకెల అంచుల వెంట నల్ల గీత దిద్దాలని నన్నూ రమ్మన్నారు.

శనివారం పొద్దున ఆరుంబావుకు నరసరావుపేట బస్టాండులో పిడుగురాళ్ల పల్లెవెలుగు ఎక్కాం. డ్రైవరు వెనక మూడో సీటు పట్టుకోండి, వెనక్కి పోతే నడుం మిగలదు. నా చేతిలో రంగుల సంచి. వాళ్లిద్దరూ నీలం టోపీలు, గుండె మీద విమానం బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకున్నారు. ప్రసాదరావు గారి పొట్ట మీద ఆ విమానం ఎప్పుడూ పైకి లేస్తున్నట్టే ఉంది. మెడలో కెమెరా, దానికి మునక్కాయంత లెన్సు.

పక్క సీటులో కొడవలి గోనెలో చుట్టుకుని కూర్చున్న ఒకామె వాళ్లను కిందికీ పైకీ చూసింది.

"ఏందయ్యా, ఎలక్షన్ డ్యూటీనా?"

"కాదమ్మా. మాచర్లలో యుద్ధవిమానం చూడబోతన్నాం," అన్నారు మాస్టారు.

"యాడ దిగుద్ది?"

"దిగదమ్మా. అది కదల్దు."

"కదలందాన్ని చూడటానికి ముగ్గురెందుకయ్యా? ఒకళ్లు చూసొచ్చి చెబితే పోలా?"

మండలి స్థాపించినప్పటి నుంచి ఇంత తెలివైన ప్రశ్న ఎవరూ వేయలేదు. మాస్టారు కిటికీలోంచి బయటకు చూడడం మొదలుపెట్టారు.

ఏడున్నరకు పిడుగురాళ్ల. సున్నపు బట్టీల ఊరు కాబట్టి చెట్లకు తెల్లారక ముందే జుట్టు నెరిసి ఉంటుంది. స్టేషనుకు పోయే దారిలో బండి మీద ఇడ్లీ తిన్నాం, కారప్పొడి మీద నెయ్యి వేసి ఇచ్చాడు. ప్లేటు ముప్పై రూపాయలు. తినదగ్గది. ఆ బండి దగ్గరికే సుభాని గారు వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో పెన్నుకు బదులు సన్న టార్చి. మోకాళ్లు బాగాలేవు, బస్సు కుదుపులు పడవని చెప్పారు. అందుకే మాచర్ల దాకా రైలు పెట్టుకున్నాం. ప్రసాదరావు గారు ఆయనకు సెల్యూట్ కొట్టారు. కొట్టిన చేతికి కారప్పొడి ఉంది, కంట్లో పడింది. యుద్ధంలో మొదటి గాయం అదే.

మాచర్ల ప్యాసింజరు ఎనిమిదీ నలభైకి రావాలి, తొమ్మిదీ ఇరవైకి వచ్చింది. టికెట్టు కౌంటరు దగ్గర చిల్లర ఉంచుకోండి. మిర్చి కోతల రోజులు, పెట్టె నిండా కూలీలు, కాళ్ల దగ్గర మిరపకాయల మూటలు. మండలివారు తలుపు దగ్గర రెండు సీట్లు సంపాదించి, ఆ విమానం అసలు రంగు బూడిదలో నీలమా, నీలంలో బూడిదా అని మొదలుపెట్టారు. రంగుల మనిషిని అదే పెట్టెలో ఉన్నాను, నన్నెవరూ అడగలేదు. మిర్చి ఘాటుకు ఇద్దరూ తుమ్ముతూనే వాదించుకున్నారు.

నేను, సుభాని బాబాయ్ ఈ చివర కిటికీ దగ్గర కూర్చున్నాం. తోక మీద నెంబరు రాసింది నేనేనని చెప్పి మాట కలిపాను.

"బాబాయ్, ఆ విమానంతో మీకు చానా రోజుల పరిచయమా?"

"పరిచయం ఏందబ్బాయ్. మూడేళ్లు దాని కిందే పడుకున్నా. పొద్దున నేను చూసి సంతకం పెడితేనే అది కదిలేది."

"ఎవరు నడిపేవాళ్లు?"

"ఉత్తరాది పిల్లోడు. నాకంటే రెండేళ్లు పెద్ద అంతే. నన్ను పేరు పెట్టి పిలవడు, గుంటూర్ అంటాడు. దిగిన ప్రతిసారీ ఒకటే గోల, ఎడమ బ్రేకు పట్టేస్తందని. నేను విప్పి చూస్తా, ఏమీ ఉండదు. మళ్లా మర్నాడు అదే మాట. ఆ రోజు కూడా నిచ్చెన ఎక్కతా అన్నాడు, గుంటూర్, వచ్చాక ఎడమ బ్రేకు చూడు అని."

"మరి చూశారా?"

"రాలా, అబ్బాయ్."

కాళ్ల దగ్గరి రంగుల సంచిని సీటు కిందికి తోశాను.

"నాలుగు పోయినయ్, మూడు వచ్చినయ్," అన్నారు ఆయన. "చీకటి పడిందాకా అక్కడే నిలబడ్డా. కనపడలేదు అన్నారు. చచ్చిపోయాడని మాత్రం ఎవరూ అనలా. మర్నాడే నన్ను ఇంకో చోటికి పంపేశారు. తర్వాత ఎవరినడిగినా అదే మాట, కనపడలేదు. ఇన్నేళ్ల తర్వాత ఫోనులో ఆ ఫొటో వచ్చింది, మీ ప్రసాదరావు ఫోన్ చేసి డెబ్బై మూడు మాచర్లలో ఉంది అన్నాడు. బండి ఉందంటే దిగినట్టే గదా. బండి దిగిందంటే పిల్లోడు దిగినట్టే గదా? ఇంకోచోట దిగుంటాడు. మాకు చెప్పకుండా ఉంటారు. యుద్ధంలో అట్టాంటివి జరగతయ్."

మనిషి నన్ను ఒప్పించడం లేదు, లెక్క సరిచూసుకుంటున్నాడు. ఆ లెక్కలో మొదటి అంకె నేను వేసింది.

నడికుడిలో రైలు ఎప్పటిలాగే ఆగిపోయింది. ఇంజను మార్చేంతసేపు ఆగి, ఇంజను మార్చకుండానే కదులుతుంది. నేను లేచి తలుపు దగ్గరికి పోయాను.

"మాస్టారూ, ఆ జాబితాలో డెబ్బై మూడు పక్కన ఏం రాసుంది?"

"మిస్సింగ్ అని."

"ఆ ముసలాయన మిస్సింగయిన మనిషి కోసం వస్తన్నాడు. విమానం కోసం కాదు. కింద ముప్పై ఎనిమిది ఉందని నేను మీకు చూపించా."

మాస్టారు టోపీ సరిచేసుకున్నారు. "తోక మీద ఉంది రా. తోకలు మారుస్తారు. ముప్పై ఎనిమిది తోక తెచ్చి డెబ్బై మూడుకు పెట్టి ఉండొచ్చు. టెక్నికల్‌గా సాధ్యమే."

"టెక్నికల్‌గా నేను కూడా కలెక్టర్ని అయి ఉండొచ్చు."

"నువ్వు పోయి కూర్చో," అన్నారు ప్రసాదరావు గారు. "ఆయన సంతోషంగా ఉన్నాడు. ఎందుకు చెడగొడతావ్?"

గట్టిగా చెప్పాలనుకున్నవాణ్ని ఆ మాట పట్టుకుని వచ్చి కూర్చున్నాను. పిరికితనానికి దయ అనే చొక్కా తొడగడం తేలిక. రంగులు వేసేవాడికి ఇంకా తేలిక.

గురజాలలో మిరపకాయ బజ్జీలు ఎక్కాయి, పొట్లం ఇరవై. బాబాయ్ ఒకటి తీసుకుని, ఎవరూ అడగకుండానే చెప్పారు.

"తోక సంగతి నాకొద్దు. తోకలు మారుస్తారు, నేనే మార్చినా. ఎడమ చక్రం మడుచుకునే గూడు ఉంటది గదా, దాని లోపల గొట్టం వెనక రేకు మీద పంచ్ పెట్టి సుత్తితో మూడు చుక్కలు కొట్టినా. కొట్టకూడదు, తెలిస్తే శిక్ష. నా బండి అని గుర్తుకు కొట్టుకున్నా. అది చూస్తే తెలిసిపోద్ది."

రెంటచింతల దగ్గర కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి కాలింది. పదకొండున్నరకు మాచర్లలో దిగాం. స్టేషను బయట నుంచి కాలేజీకి ఆటో మనిషికి ఇరవై. మండలివారు యూనిఫారంలో ఉన్నారు కాబట్టి నలభై అడిగాడు, ఇచ్చారు.

గేటుకు ఫ్లెక్సీ కట్టారు. అందులో కాలేజీ కరస్పాండెంట్ గారి ముఖం గుమ్మమంత, విమానం తమలపాకంత. 'అదృశ్యమైన వీరవిమానం డెబ్బై మూడు పల్నాటి గడ్డ మీద ప్రత్యక్షం' అని రాశారు. విమానం ముక్కుకు కుంకుమ బొట్టు, నిమ్మకాయలు, పచ్చిమిరపకాయల దండ. దిష్టి తగిలితే ఎగరదనేమో. ఎండలో రెండు వరుసల పిల్లలు, వాళ్ల ముందు కుర్చీల్లో లెక్చరర్లు. కరస్పాండెంట్ గారు బంగారు అంచు శాలువా చేత్తో పట్టుకుని ఎదురొచ్చారు.

"రండి పెద్దాయనా. ముందు శాలువా, తర్వాత రెండు ముక్కలు మాట్లాడండి. పౌరుషంగా ఉండాల. పిల్లలకు రక్తం ఉడకాల."

ఎండకు ఆ పిల్లలు ముందే ఉడికి ఉన్నారు. సుభాని బాబాయ్ శాలువా వంక చూడలేదు. నేరుగా ఎడమ చక్రం దగ్గరికి నడిచారు. నా భుజం మీది తువ్వాలు అడిగి దిమ్మె పక్కన పరిచి, మోకాలు పట్టుకుని కూర్చుని, తర్వాత వెల్లకిలా పడుకుని విమానం కిందికి జరిగారు. మైకు పట్టుకున్న లెక్చరరు "ఇప్పుడు మన యుద్ధవీరులు..." అని ఆగిపోయాడు. తర్వాత ఏమనాలో కాగితంలో లేదు.

టార్చి వెలుగు గూట్లో అటూ ఇటూ తిరిగింది. నేను పక్కన గొంతుక్కూర్చున్నాను. ఆయన వేళ్లు గొట్టం వెనక పోయాయి. పిచ్చుక గూడు తీసి పక్కన పెట్టారు, దుమ్ము ఊదారు, చూపుడు వేలితో రేకును అంగుళం అంగుళం తడిమారు. ఒకసారి ఆగి, మళ్లీ మొదటి నుంచి తడిమారు. మూడోసారి కూడా. తర్వాత చక్రం లోపలి వైపు చెయ్యి పెట్టి బ్రేకు పళ్లేన్ని పట్టుకు చూశారు.

"దీనికి బ్రేకు బానే ఉంది," అన్నారు.

నేను చెయ్యందించి లేపాను. చొక్కా వీపంతా మట్టి. ఆయన నా ముఖంలోకి చూశారు.

"కోటయ్యా, రంగు గీకినప్పుడు కింద నీకు నెంబరు కనపడిందా?"

"కనపడింది బాబాయ్. ముప్పై ఎనిమిది."

"మరి రైల్లో చెప్పలేదే?"

నేను కింద పరిచిన తువ్వాలు తీసి దులిపాను. ఆయన మళ్లీ అడగలేదు.

"ముప్పై ఎనిమిది మా ఎయిర్‌ఫోర్సు స్టేషనుది కాదు," అన్నారు. "సరే. రంగు తెచ్చావుగా, చెరుపు."

ప్రసాదరావు గారు పరుగెత్తుకొచ్చారు. "బాబాయ్ గారూ, తొందరపడమాకండి. గ్రూపుల్లో వేల మంది చూశారు. నెంబరే గదా, ఎవరికి నష్టం?"

"నాలాగా ఇంకొకళ్లు వెతుకుతుంటే?" అన్నారు సుభాని బాబాయ్. గొంతు పెంచలేదు. "ఆ పిల్లోడికి అక్కో చెల్లెలో ఉండే ఉంటది. ఫోనులో ఈ బొమ్మ చూస్తది. బండి దొరికింది, మావోడు దిగాడు అనుకుంటది. నేనంటే పిడుగురాళ్ల నుంచి వచ్చినా. ఆమె ఎంత దూరం నుంచి రావాలయ్యా, ఈ మూడు చుక్కలు లేవని తెలుసుకోటానికి?"

కరస్పాండెంట్ గారికి అక్కలూ చెల్లెళ్లూ పట్టలేదు. "పెద్దాయనా, అదట్టా ఉంచండి. ఈ ముప్పై ఎనిమిది యుద్ధంలో ఏం చేసింది?"

"నాకు తెలవదు."

"పోనీ ఎన్నింటిని కూల్చింది?"

"తెలవదు సార్. ఎగిరింది, దిగింది. ఇక్కడుందంటే దిగినట్టే."

"ఊరికే ఎగిరి దిగిందాన్ని నేనేం చేసుకోను? బస్సులు పెట్టటానికి జాగా లేక చస్తన్నా. ఎల్లుండి గ్యాస్ కట్టర్ పిలిపిస్తా, పాత ఇనప సామాన్లాయన తీసకపోతాడు."

మండలివారి ముఖాలు చూడాలి. ప్రసాదరావు గారు సుభాని బాబాయ్ చేతులు పట్టుకున్నారు. డెబ్బై మూడు అని ఒక్క మాట అనండి, ఈ విమానం బతుకుతుంది, మీకు పుణ్యం ఉంటుంది అని బతిమాలారు. ఆ బతిమాలడంలో కపటం లేదు, కళ్లు నిజంగా తడిసున్నాయి. రేకు ముక్కలవుతుందంటే ఆ మనిషికి గుండె ఆగేలా ఉంది. మనిషి గురించి చెప్పినప్పుడు మాత్రం ఆగలేదు.

"అనను," అన్నారు బాబాయ్. "ఇది పోతే నాకూ బాధే. ఇట్టాంటిదాని కిందే నేను బతికింది. అయినా అనను."

ఆ తర్వాత నేను ఏం ఆలోచించానో గుర్తులేదు. సంచిలోంచి వెండి రంగు డబ్బా తీసి, మూత ఊడదీసి, ఫ్లెక్సీ కట్టిన నిచ్చెన తెచ్చి తోకకు ఆనించాను. నిచ్చెన ఊగింది. ఎవరో గట్టిగా పట్టుకున్నారు. కిందికి చూస్తే శివరామయ్య మాస్టారు, టోపీ తీసేసి ఉన్నారు.

"జారతావు, చూసుకుని ఎక్కు," అన్నారు. అంతే.

డెబ్బై మూడు నేను రాసిన అంకెల్లో చక్కగా కుదిరినవి. ఏడు వంపు ఇప్పటికీ మెచ్చుకోదగ్గది. రెండు పూతల వెండి రంగుతో దాన్ని పూడ్చేశాను. మాచర్ల ఎండలో ఆరడానికి పావుగంట చాలు. ఆ పావుగంటా పిల్లలు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. తర్వాత నల్ల రంగుతో మూడు, ఎనిమిది రాశాను. అంచులు దిద్దలేదు, దగ్గరికి పోతే మీకు కనపడుతుంది.

కరస్పాండెంట్ గారు తల పైకెత్తి చూస్తూ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టారు. మొదటి రెండంకెలు కలిపారు, చివరి రెండు కలిపారు, మళ్లీ మొత్తం కలిపారు. డ్రైవర్ని పిలిచారు.

"మన కారు నెంబరు కలిపితే ఎంతరా?"

"ఆరండీ."

"ఇదీ ఆరే వస్తందిరా!" అన్నారు. ముఖం విచ్చుకుంది. "పాత నెంబరు కలిపితే అయిదు. అందుకే మొన్న ఇన్స్‌పెక్షన్‌లో తిప్పలు పడ్డాం. ఉంచండి, ఉంచండి. కట్టర్ వద్దు."

అదండీ చరిత్ర పరిరక్షణ. ఒక వీరుడి త్యాగం కాపాడలేని విమానాన్ని ఒక కారు నెంబరు ప్లేటు కాపాడింది. యుద్ధం, జాబితాలు, రివెట్లు ఏవీ పనికి రాలేదు. శాలువా మడిచి మళ్లీ కవర్లో పెట్టేశారు, ఇంకో సన్మానానికి పనికొస్తుంది.

సన్మానం పోయింది కాబట్టి భోజనం కూడా పోయింది. బస్టాండు ఎదురుగా మెస్సులో తిన్నాం. ముద్దపప్పు, గోంగూర, వంకాయ, గడ్డ పెరుగు, వంద రూపాయలు, అన్నం మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. మాచర్ల పోతే విమానం మానేసినా ఇది మానేయకండి. ప్రసాదరావు గారు తినలేదు. బల్ల కింద ఫోనులో వేళ్లు ఆడిస్తూ కూర్చున్నారు. మాస్టారు మజ్జిగ తాగి, జాబితా కాగితం తీసి ముప్పై ఎనిమిది పక్కన పెన్సిలుతో మాచర్ల అని రాసుకున్నారు. డెబ్బై మూడు పక్కన అంతకుముందు రాసుకున్న మాచర్లను రబ్బరుతో చెరిపారు.

తిరుగు ప్యాసింజరు నాలుగింటికి, పావుగంట ఆలస్యంగా కదిలింది. ఈసారి పెట్టె ఖాళీ. గురజాల రాకముందే నా ఫోను మోగింది. యుద్ధవిహంగ మిత్రమండలి నుంచి స్క్వాడ్రన్ లీడర్ మిమ్మల్ని తొలగించారు. చేర్చుకున్నదెప్పుడో నాకు తెలియదు, తొలగించేటప్పుడు తెలిసింది. ఆయన నాలుగు సీట్ల అవతలే కూర్చుని ఉన్నారు, కిటికీ వైపు తిరిగి. దాచేపల్లి వైపు పొలాల్లో ఎర్రగా ఆరబోసిన మిర్చి కళ్లాలు వెనక్కి పోతుంటే, ఈ పాత విమానాల పిచ్చి మీద నా అభిప్రాయం స్థిరపడింది. ఆ పిచ్చి ఉన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. రెక్క మీద రివెట్లు ఒక్కటి వదలకుండా లెక్కపెడతారు. లోపల కూర్చునేది ఒక్కడే కాబట్టి, లెక్కపెట్టడానికి అక్కడేమీ లేదనుకుంటారు. నా మీద కూడా అభిప్రాయం స్థిరపడింది, అది ఇక్కడ రాయడం లేదు.

సుభాని బాబాయ్ దారంతా కళ్లు మూసుకునే ఉన్నారు. నిద్ర కాదని తెలుస్తూనే ఉంది. ఆరుంబావుకు పిడుగురాళ్లలో దిగాం. మండలివారు బస్సు కోసం ముందు నడిచిపోయారు. ప్లాట్‌ఫారం మీద బెంచీ దాకా బాబాయిని నడిపించాను.

"బాబాయ్, తప్పు నాది. తిట్టండి."

"గురజాల దాకా మనసులో తిడతానే ఉన్నా," అన్నారు ఆయన. మోకాలు రుద్దుకున్నారు. "తర్వాత ఆపేసినా. మీరు ఫోన్ చేసిన కాడినుంచి వారం రోజులు ఆ పిల్లోడు నాకు ముసలోడైపోయి కనపడ్డాడు. జుట్టు ఊడింది. కళ్లజోడు పెట్టాడు. యాడనో వరండాలో కూర్చుని కోడలి మీద గొణుగుతన్నాడు, కారు బ్రేకు పట్టేస్తందని. ఇన్నేళ్లూ నాకు వాడు పాతికేళ్లు కూడా దాటలా. వారం రోజుల్లో అంత వయసూ బతికేశాడు, కోటయ్యా."

ఆయన బెంచీ పట్టుకుని లేచారు. టార్చి జేబులో ఉందో లేదో చూసుకున్నారు.

"బాగుంది ఆ వారం," అన్నారు. "మళ్లా ఎవరికీ అట్టాంటి నెంబరు రాయమాక."